గోల్‌కీపర్ కాలికి ప్రార్థన

శనివారం నాటి ఓటమికి గురువారం పొద్దున్నే ఏర్పాట్లు మొదలుపెట్టారు కోచ్ గారు. గడ్డం గీసుకుంటూ, ఓడిపోయాక పెట్టాల్సిన ముఖాన్ని అద్దంలో రెండు మూడు రకాలుగా పెట్టి చూసుకున్నారు. వాటిలో ఒకటి ఆయనకు బాగా నచ్చింది. తాను చేయాల్సిందంతా చేసినా కాలం కలిసిరాని పెద్దమనిషి ముఖం అది. ఇక ఆ ముఖానికి తగిన కారణం ఒకటి వెతుక్కోవాలి.

"ఏవండీ, ఓడిపోతే ఓడిపోయామని చెప్పండి. ఎవరు కొడతారు మిమ్మల్ని?" అంది భార్య, టిఫిను డబ్బా మూత బిగిస్తూ.

"నీకు తెలియదులే. జట్టు ఓడిపోవచ్చు. కోచ్ ఓడిపోకూడదు."

"మరి జట్టు ఓడిపోతే కోచ్ ఏం చేస్తాడు?"

"బాధపడతాడు" అన్నారు కోచ్ గారు, అద్దంలో చూసుకుంటూ.

ఆ క్రైస్తవ కళాశాలలో ఒకప్పుడు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఎందుకో మూలపడింది. గోల్ స్తంభాల మధ్య తాడు కట్టి హాస్టల్ వాళ్లు దుప్పట్లు ఆరేసుకోవడం మొదలుపెట్టారు. ఆ జట్టును మళ్లీ నిలబెట్టడానికి ఈయనను తెచ్చారు. ఇంటర్వ్యూలో ఈయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "మీ జట్టును సమాధిలోంచి లేపుతాను" అన్నారు. ప్రిన్సిపాల్ గారి కళ్లు చెమర్చాయి. ఫుట్‌బాల్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఉద్యోగం చేతిలో పెట్టేశారు.

చేరగానే కోచ్ గారు తన గది తలుపుకు పేరు పలక కొట్టించుకున్నారు. తర్వాత ఒక తెల్లబోర్డు తెప్పించుకుని దాని నిండా ఎర్ర బాణాలు, నీలం బాణాలు గీశారు. ఆ బాణాల ప్రకారం పరిగెత్తితే పిల్లలు నడిమధ్యలో ఒకరినొకరు గుద్దుకునేవారు. "వ్యూహం అర్థం కావడానికి టైం పడుతుంది" అనేవారు ఆయన. మైదానంలో ముళ్లకంప పీకింది పిల్లలే, రాళ్లు ఏరింది పిల్లలే, సున్నంతో గీతలు పోసింది కూడా వాళ్లే. ఎంత బతిమాలినా సరిగ్గా పదకొండు మందే పోగయ్యారు. వాళ్లలో ఆట వచ్చిన మనిషి గోల్‌కీపర్ ఒక్కతే. పొడుగాటి పిల్ల, మొహమాటం తెలియని నోరు. తెల్లారకముందే లేచి మిగతా పదిమందికీ బంతి తన్నడం నేర్పింది ఆ అమ్మాయే. కోచ్ గారు ఆ వేళకు ఇంట్లో దుప్పటి కప్పుకుని వ్యూహాలు రచిస్తూ ఉండేవారు.

శనివారం మొదటి మ్యాచ్. దాన్ని చూడటానికి బోర్డు ఛైర్మన్ గారు స్వయంగా వస్తున్నారు. ఆయనకు ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేదు, మైదానం మీద ఉంది. దాన్ని చదును చేయించి కార్లు నిలిపే చోటుగా మార్చాలని ఆయన కోరిక. జట్టు బరిలోకి దిగి, మ్యాచ్ పూర్తిగా ఆడి, పోటీల సంఘం గుర్తింపు తెచ్చుకుంటే సరే, లేకపోతే సోమవారం సిమెంటు లారీలు వస్తాయి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి పిల్లలకు అన్నం సయించడం లేదు. తమ చేతులతో రాళ్లు ఏరిన నేల అది. కోచ్ గారికీ దిగులుగానే ఉంది కానీ, ఆయన దిగులు నేల గురించి కాదు. డజను గోల్స్ తేడాతో ఓడితే తన పరువు ఏం కావాలన్నది ఆయన దిగులు.

అలాంటి సమయంలో గోల్‌కీపర్‌కు కొత్త బూట్లు కరిచాయి. ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. ఆ అమ్మాయి దాని మీద ప్లాస్టర్ అంటించుకుని ప్రాక్టీసుకు వెళ్లిపోయింది. కోచ్ గారు మాత్రం ఆ బొబ్బను వదల్లేదు.

ఆ కళాశాలలో మొదటి గంటకు ముందు అందరూ చాపెల్‌లో చేరతారు. పాట అయ్యాక, కష్టం ఉన్నవాళ్లు లేచి తమ మనవి చెప్పుకుంటారు. అందరూ దానికోసం ప్రార్థిస్తారు. చేరిన నాటి నుంచీ కోచ్ గారు వెనక బెంచీలో కునుకు తీయడం తప్ప ఎన్నడూ లేవలేదు. ఆ గురువారం మాత్రం అందరికంటే ముందు లేచారు.

"మా గోల్‌కీపర్ కాలి గురించి ప్రార్థించండి" అన్నారు గొంతు బరువుగా చేసుకుని. "శనివారం ఆ బిడ్డ నిలబడగలదో లేదో తెలీదు. డాక్టర్లు కూడా ఏమీ చెప్పలేదు."

ఇందులో అబద్ధం లేదు. ఏ డాక్టరునూ అడగలేదు గనుక ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు. మ్యాచ్ దగ్గరపడిందని చాపెల్‌కు సెలవు తీసుకుని, గోల్‌కీపర్ తన పదిమందితో ఆ సమయంలో మైదానంలో ఉంది. లేకపోతే కథ అక్కడే ఆగిపోయేది.

ముందు వరుసలో కూర్చున్న పాస్టరమ్మ గారు కళ్లు తుడుచుకున్నారు. ఆమె పాస్టరు గారి భార్య, స్త్రీల ప్రార్థన సమాజానికి అధ్యక్షురాలు. ఆ సమాజంలో ఒక పద్ధతి ఉంది. చాపెల్‌లో విన్న మనవిని ఒకరు ఇంకొకరికి ఫోనులో చెప్పాలి, వాళ్లు మరొకరికి చెప్పాలి. దాన్ని వాళ్లు ప్రార్థన గొలుసు అంటారు. అయితే పెద్ద కష్టాలకు ముందు ప్రార్థన చేస్తారు, చిన్న కష్టాలు వెనక్కి వెళతాయి. అందుకని మనవి అందుకున్న ప్రతి తల్లీ, పాపం ఈ పిల్ల వెనకబడకూడదని, జాలితో కష్టాన్ని ఒక మెట్టు పైకి జరిపి పంపుతుంది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. గొలుసు పొడుగునా ప్రేమే.

మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ గారు కోచ్ గదిలోకి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఎముక రెండు చోట్ల విరిగిందట కదండీ!"

కోచ్ గారు ఉలిక్కిపడ్డారు. లేదండీ, బొబ్బ లేచిందంతే అని చెప్పడానికి నోరు తెరిచారు కూడా.

"ఇంత బాధ కడుపులో పెట్టుకుని పొద్దున ఎంత నిబ్బరంగా చెప్పారండీ! మిమ్మల్ని చూస్తే నాకు గర్వంగా ఉంది" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

తెరిచిన నోరు మూతపడింది. ఇంతవరకూ ఆయనను చూసి ఎవరూ గర్వపడలేదు, సొంత మామగారితో సహా. కోచ్ గారు అద్దంలో సాధన చేసిన ముఖం పెట్టి, "ఏం చేస్తాం సార్" అన్నారు. ఆ మాటతో ఆయన మునిగిపోయారు.

శుక్రవారం పొద్దున హాస్టల్ వరండా నిండా పూలగుత్తులు, పళ్లబుట్టలు. గోల్‌కీపర్ మైదానం నుంచి చెమటలు కక్కుతూ వచ్చి, ఒక బుట్టలోంచి ఆపిల్ పండు తీసి కొరికి, "ఎవరికి ఇవన్నీ?" అని అడిగింది. దారినపోతున్న వంటమనిషి ఆ పిల్ల రెండు కాళ్లనూ మార్చి మార్చి చూసి, ఏడుస్తూ వంటింట్లోకి పరిగెత్తింది. ఆమె విన్న కబురు ప్రకారం కాలు మోకాలి దాకా తీసేశారు.

ఈలోగా ఛైర్మన్ గారి ఫోను వచ్చింది. కోచ్ గారు లేచి నిలబడి మాట్లాడారు.

"నేను కఠినమైన మనిషినే" అన్నారు ఛైర్మన్ గారు. "కానీ ఈ కబురు విన్నాక మా ఆవిడ నిన్నటి నుంచి నాతో మాట్లాడటం మానేసింది. పోటీల సంఘం వాళ్లతో మాట్లాడాను. మీరు పదిమందితో ఆడినా గుర్తింపు ఇస్తారట. ఆ అమ్మాయికి చక్రాల కుర్చీ పంపిస్తున్నాను. రేపు గీత పక్కన కూర్చోబెట్టండి. పేపరు వాళ్లు వస్తున్నారు."

"పేపరు వాళ్లా సార్?"

"కుర్చీ నేనిచ్చానని రాయాలి కదా."

కుర్చీ వచ్చింది. దాని వీపు మీద ఛైర్మన్ గారి పేరు, కూర్చునేవాళ్ల తలకంటే పెద్ద అక్షరాలతో ఉంది. కోచ్ గారు దాన్ని తోసుకుంటూ వెళ్లి గోల్‌కీపర్‌ను తన గదిలోకి పిలిచి తలుపేశారు. విషయం చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. వినడానికి ఆ అమ్మాయికి ఇంకా ఎక్కువ ఓపిక పట్టింది.

"అంటే, నా మడమ మీద బొబ్బని మీరు అమ్మేశారా సార్?"

"అమ్మడం ఏంటి తల్లీ! పొరపాటున కాస్త పెరిగింది."

"కాస్తా? వంటావిడ నా కాలు గిల్లి చూసింది."

"చూడమ్మా" అన్నారు కోచ్ గారు, తెల్లబోర్డుకు ఆనుకుని. వీపు నిండా ఎర్ర బాణాలు అంటుకున్నాయి. "ఇప్పుడు నిజం చెబితే ఛైర్మన్ గారు ఊరుకోరు. జట్టు పోతుంది, మైదానం పోతుంది. రేపు ఒక్క మ్యాచ్ సేపు కుర్చీలో కూర్చో. పదిమందీ ఆడతారు, గుర్తింపు వస్తుంది. తర్వాత నెమ్మదిగా నయమైందని చెబుదాం."

"నేను లేకుండా పదిమంది ఆడితే ఎన్ని గోల్స్ పడతాయో తెలుసా మీకు?"

"ఎన్ని పడినా ఎవరూ ఏమీ అనరమ్మా, అదే కదా అందం!" అనేశారు కోచ్ గారు ఉత్సాహంగా. ఆ అమ్మాయి చూపు చూసి వెంటనే గొంతు తగ్గించారు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ మోచేతులు చీరుకుపోయేలా నేలమీద పడి లేచింది ఆ ఒక్క మ్యాచ్ కోసం. కానీ కిటికీలోంచి చూస్తే, పదిమందీ వంగి సున్నం గీతలు మళ్లీ దిద్దుతున్నారు. వాళ్లకు ఇంకో మైదానం లేదు.

"కూర్చుంటాను" అంది చివరికి. "మీకోసం కాదు. ఆ పదిమందికీ నోరు మెదపొద్దని నేను చెప్పుకుంటాను. మరి మా అమ్మ సంగతేంటి? ఆమె దాకా ఈ చెత్త వెళితే గుండె ఆగిపోతుంది. నా ఫోను వార్డెన్ బీరువాలో ఉంది, ఆదివారం దాకా ఇవ్వరు. మీరే ఫోన్ చేసి ఇది నిజం కాదని చెప్పండి."

"ఇప్పుడే చెబుతాను."

"ఒట్టు?"

"ఒట్టు తల్లీ."

ఆయన చెప్పలేదు. మరిచిపోయారని అనడానికి కూడా లేదు. ఫోను చేతిలోకి తీసుకుని, నిజం ఒకరికి చెబితే పదిమందికి పాకుతుందని ఆలోచించి, దాన్ని జేబులో పెట్టేసుకున్నారు. అబద్ధం అంతకంటే వేగంగా పాకిందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

శనివారం మైదానం చుట్టూ కాలు పెట్టడానికి చోటు లేదు. ఇంతమంది వచ్చింది ఆట చూడటానికి కాదు. తెల్లచీరల్లో స్త్రీల సమాజం మొత్తం ఒక వైపు బారులు తీరింది. చాపెల్ గాయకులు హార్మోనియం మోసుకొచ్చారు. ఛైర్మన్ గారు మైకు ముందు నిలబడి కుర్చీ గురించి మాట్లాడారు, తర్వాత కుర్చీలోని అమ్మాయి గురించి కూడా ఒక మాట అన్నారు. కాళ్ల మీదుగా మందపాటి శాలువా కప్పుకుని, పళ్లు బిగించి గీత పక్కన కూర్చుంది గోల్‌కీపర్. ఎవరైనా వచ్చి తల నిమిరితే ఉలుకూ పలుకూ లేదు. ఆమె ఆ మాత్రం నిగ్రహం చూపడం, చూసేవాళ్లకు భక్తిగా కనిపించింది.

అవతలి జట్టు పిల్లలు వచ్చి ఆమె కుర్చీ దగ్గర మోకరించి, లేచి, ఆట మొదలైన కాసేపటికే రెండు గోల్స్ కొట్టారు. గోల్‌లో నిలబెట్టిన పిల్లకు బంతి వస్తుంటే కళ్లు మూసుకునే అలవాటు ఉంది. మూడో గోల్ పడకపోవడానికి కారణం, బంతి ఆ పిల్ల నుదుటికి తగలడమే. కోచ్ గారు మాత్రం నిశ్చింతగా ఉన్నారు. ముఖం సిద్ధంగా ఉంది, కారణం కుర్చీలో ఉంది.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర కలకలం రేగింది. ఒక ఆడమనిషి జనాన్ని తోసుకుంటూ లోపలికి వస్తోంది. మెడలో టైలరు టేపు ఇంకా వేలాడుతోంది. కుట్టుమిషను మీద నుంచి లేచిన మనిషి లేచినట్టే బస్సెక్కినట్టుంది. చెప్పులు రెండూ వేరువేరు జతలవి. ఆమె కుర్చీని చూసింది, శాలువాను చూసింది, అక్కడే కూలబడి, "నా తల్లీ, నీకేంటమ్మా ఈ గతి!" అని గుండెలు బాదుకుంది.

ఆ ఏడుపు వినగానే గోల్‌కీపర్‌కు కుర్చీ గుర్తులేదు, ఛైర్మన్ గుర్తులేదు, మైదానం కూడా గుర్తులేదు. శాలువా విసిరికొట్టి లేచింది. ఆట జరుగుతున్న మైదానం మధ్యలోంచి అడ్డంగా, ఆ పోటీలో అప్పటిదాకా ఎవరూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తుకుంటూ వెళ్లి తల్లిని వాటేసుకుంది. "ఏం కాలేదమ్మా, ఏం కాలేదు, చూడు, రెండూ ఉన్నాయి" అంటూ తానూ ఏడ్చేసింది.

బంతి ఆగిపోయింది. రిఫరీ విజిల్ నోట్లోనే ఉండిపోయింది. ఇక అయిపోయింది, అందరూ కలిసి తనను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి గేటు బయటికి తోసేస్తారనుకున్నారు కోచ్ గారు.

"హల్లెలూయా!" అని అరిచారు పాస్టరమ్మ గారు.

అంతే, తెల్లచీరలన్నీ ఒక్కసారిగా లేచాయి. హార్మోనియం మోగింది. కాలు విరిగిందని విన్నవాళ్లు అతుక్కుందన్నారు. కాలు తీసేశారని విన్నవాళ్లు మొలిచిందన్నారు. ఈ రెండు వర్గాలకూ ఆ తర్వాత చాలాకాలం పడలేదు. పేపరు వాళ్లు కుర్చీని వదిలేసి కాలి ఫోటోలు తీశారు. తల్లి మాత్రం కూతురి బూటు విప్పి, మేజోడు లాగి, ప్లాస్టర్ ఊడబీకి చూసింది.

"బొబ్బ!" అంది. "బొబ్బకా నన్ను ఇంత దూరం ఏడిపించారు? ఎవడు వాడు?"

ఆమె ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి ఆ బొబ్బ సంగతి గట్టిగానే చెప్పింది. ఆయన ఆమె తలమీద చెయ్యి వేసి, "తల్లి మనసు కదమ్మా. సంతోషంలో ఏం మాట్లాడుతున్నావో నీకే తెలియడం లేదు" అన్నారు.

ఒడ్డు కనిపించిన కోచ్ గారికి ప్రాణం లేచివచ్చింది. అందరికంటే ముందు మైకు అందుకున్నారు. దేవుడు చేసిన మేలుకు నలుగురిలో సాక్ష్యం చెప్పడం ఆయనకు అదే మొదటిసారి, అయినా తడుముకోలేదు.

"డాక్టర్ల వల్ల కాలేదు! నావల్ల అసలే కాలేదు! ఈ జట్టుకి నేను చేసింది ఏమీ లేదు! నేను ఉత్త చేతకానివాణ్ణి! అంతా ఈ తల్లుల ప్రార్థనే!"

చప్పట్లు మారుమోగాయి. ఇంత నిజం ఆయన జీవితంలో ఎప్పుడూ ఒకేసారి చెప్పలేదు.

గోల్‌కీపర్ కన్నీళ్లు తుడుచుకుని, గ్లవ్స్ వేసుకుని గోల్‌లోకి వెళ్లింది. ఆ తర్వాత అవతలి పిల్లలకు కాళ్లు ఆడలేదు. వాళ్లదీ క్రైస్తవ కళాశాలే. స్వస్థత పొందిన మనిషి మీదికి బంతి తన్నడం పాపమేమోనని సందేహిస్తూ మెల్లగా తన్నారు. గట్టిగా తన్నిన ఒకటి రెండు బంతులను ఆమె గాల్లోకి ఎగిరి పట్టుకుంది. ఇవతలి పిల్లలు రెండు గోల్స్ కొట్టి లెక్క సరిచేశారు. తెల్లవారుజామున ఆమె నేర్పినట్టే కొట్టారు, కానీ ఆ సంగతి ఎవరూ గమనించలేదు. మ్యాచ్ సమంగా ముగిసింది. పోటీల సంఘం అధ్యక్షుడు మైదానంలోనే గుర్తింపు ప్రకటించారు. పదకొండు మంది పిల్లలూ ఆ నేలమీద పడి దొర్లారు.

సాయంత్రం కోచ్ గారు ఇస్త్రీ చొక్కా మార్చుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. సన్మానమో, ఉద్యోగం పర్మనెంటో, రెండూనో అని భార్యకు చెప్పి మరీ బయల్దేరారు. లోపల ఛైర్మన్ గారు టీ తాగుతున్నారు. పక్కన పాస్టరమ్మ గారు కూర్చుని ఉన్నారు.

"మైదానం జోలికి ఇక రాను" అన్నారు ఛైర్మన్ గారు. "అద్భుతం జరిగిన చోట కార్లు పెడితే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు. జట్టు ఉంటుంది. ఎప్పటికీ ఉంటుంది."

"చాలా సంతోషం సార్" అన్నారు కోచ్ గారు, కాస్త ముందుకు జరిగి.

"మీరు పొద్దున చక్కగా చెప్పారు. జట్టుకి మీరు చేసింది ఏమీ లేదని."

"అది వినయంతో అన్న మాట సార్."

"వినయం మంచిదే. కానీ మైకులో అన్నారు. పేపర్లో రేపు వస్తుంది. ఏమీ చేయని మనిషికి జీతం ఇస్తున్నామని జనం మమ్మల్ని అడగరా?"

కోచ్ గారు ప్రిన్సిపాల్ వైపు చూశారు. ఆయన కళ్లు మళ్లీ చెమర్చాయి, కానీ ఈసారి వాటివల్ల ఉపయోగం లేకపోయింది. అసలు జరిగింది చెప్పేస్తే? అప్పుడు చేతకానివాడికి తోడు అబద్ధాలకోరు కూడా అవుతారు. చెప్పకపోతే వట్టి చేతకానివాడు. ఆయన రెండోదే మేలనుకున్నారు.

"మరి పిల్లలకు కోచ్?" అన్నారు నీరసంగా.

"నేను చూసుకుంటాను బ్రదర్" అన్నారు పాస్టరమ్మ గారు. "మీరు నిశ్చింతగా వెళ్లి రండి."

సోమవారం ఆమె తెల్లచీర మీద విజిల్ వేసుకుని మైదానానికి వచ్చారు. ఆటలో బంతిని చేత్తో పట్టుకునే వీలు గోల్‌కీపర్ ఒక్కదానికే ఉందని పిల్లలు చెబితే చాలాసేపు ఆలోచించి, మిగతా పదిమంది ఏం పాపం చేశారని అడిగారు.